సామాన్ల గ్రూపులో నవనీత

“రాసుకోండ్రి మేడం. కని నా గురించే రాసుడు కాదు, మీరు చేసింది గూడ రాయాలె,” అంది నవనీత, తన గురించి రాస్తానని నేను అడిగినప్పుడు. అందుకని రెండూ రాస్తున్నాను. ఆమె సంగతి రాయడం సులువు, నాది రాయడానికే చేయి రావడం లేదు. కాబట్టి ముందు ఆమె సంగతే చెబుతాను.

నవనీత హైటెక్ సిటీలో మా ఆఫీసున్న భవనంలో హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్. ఏడంతస్తులు, కింద రెండు పార్కింగులు, పగటి షిఫ్టులో ఇరవై ఆరుగురు ఆడవాళ్లు. వాళ్లందరికీ ఆమె అక్క. ఆమెకంటే పదిహేనేళ్లు పెద్దయిన సీతాబాయి కూడా అక్కా అనే పిలిచేది. సొంతూరు వికారాబాద్ దగ్గర. పదో తరగతిలో లెక్కలు తప్పింది, పెళ్లయింది, పదమూడేళ్ల కిందట భర్తతో నార్సింగికి వచ్చింది. ఆయన నీళ్ల ట్యాంకర్ తోలుతాడు. నార్సింగి అంటే ఇప్పుడు అందరికీ ముప్ఫై అంతస్తుల టవర్లే గుర్తొస్తాయి గానీ వాటి వెనక పాత ఊరు ఇంకా ఉంది. అందులో రెండు గదుల కిరాయి ఇల్లు వీళ్లది. తొమ్మిదేళ్లు మాపుకర్ర పట్టి నేల తుడిచింది, నాలుగేళ్లుగా సూపర్‌వైజర్.

సూపర్‌వైజర్ అంటే అరిచే మనిషి అని నేను అనుకునేదాన్ని. నవనీత గొంతు లేవగా నేను విన్నది ఒక్కసారే, అదీ లిఫ్టులో ఉమ్మేసిన పెద్దమనిషి మీద. పొద్దున్నే ఏడింటికి కింద లాకర్ల దగ్గర నిలబడి ఎవరు ఏ అంతస్తుకో చెప్పేస్తుంది. పైకి చూస్తే నోటికొచ్చినట్టు చెప్పినట్టే ఉంటుంది. కానీ అందులో ఒక్క పేరు కూడా ఊరికే పడదు. ఇంట్లో గొడవపడి వచ్చిన మనిషిని అద్దాలు తుడిచే పనికి వేయదు, ఎందుకంటే అక్కడ రోజంతా తన మొహం తనే చూసుకోవాలి. బిడ్డకు జ్వరం ఉన్న తల్లిని ఫోన్ సిగ్నల్ అందని పార్కింగులోకి పంపదు. ఇరవై ఆరుగురి కష్టసుఖాలు బుర్రలో పెట్టుకోవడం ఎవరి వల్లా కాదు గనుక ఆమె రాసుకునేది.

ఆ రాసుకోవడం దగ్గరే చిక్కంతా వచ్చింది. కాంట్రాక్టరు ఇచ్చిన రిజిస్టరు ఒకటి ఉంది. అందులో రెండు షిఫ్టుల సూపర్‌వైజర్లూ రాస్తారు, సైటు మేనేజరు మధుకర్ రోజూ తిరగేస్తాడు. ఒకరికి ఒంట్లో బాగాలేదని అందులో రాస్తే ఆ మనిషి పేరు మరుసటి నెల జాబితాలో ఉండకపోవచ్చు. కంపెనీ యాప్ ఉంది గానీ అది కడిగిన బాత్రూముల ఫొటోలకే. అందుకని నవనీత ఏప్రాను జేబులో చిన్న నోటుబుక్కు పెట్టుకునేది. పోయిన ఏడాది వానాకాలంలో అది ఫినాయిల్ నీళ్ల బకెట్లో పడింది. రెండేళ్ల రాత నీలం నీళ్లయిపోయింది. ఆ మధ్యాహ్నం తడిసిన అట్ట పట్టుకుని ఆమె నా టేబుల్ దగ్గరికి వచ్చింది.

నా దగ్గరికే ఎందుకంటే, నా టేబుల్ నాలుగో అంతస్తు ప్యాంట్రీ పక్కన ఉంటుంది. నా స్క్రీను మీద ఎప్పుడు చూసినా రంగురంగుల డబ్బాలూ, వాటిలో చిన్న చిన్న రాతలూ కనిపిస్తాయి. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో మెట్టు మెట్టుగా రాయడం. మొదట ఇది నొక్కండి, తర్వాత అది నొక్కండి అని పదకొండేళ్లుగా జనానికి చెబుతున్న దాన్ని.

“మేడం, ఫోన్ల ఎవ్వరు సూడకుండ రాసుకునేది ఏమన్న ఉన్నదా?” అని అడిగింది.

నన్ను అడగకూడని ప్రశ్న అది. నోట్సు రాసుకునే యాప్‌ల గురించి నన్ను కదిలిస్తే నేను ఆగను. అప్పటికి నేను తొమ్మిది మార్చాను. ప్రతిదానికీ డబ్బు కట్టాను, ప్రతిదానిలోకీ పాత నోట్సు మోసుకెళ్లాను, మోసుకెళ్లే పనితోనే అలిసిపోయి రాయడం మానేశాను. అయినా ఆ రంగంలో నాకు పెద్ద పాండిత్యం ఉందని నా నమ్మకం. వారం రోజులు, రోజూ పదిన్నరకి ఆమె టీ టైములో, పాఠాలు చెప్పాను.

మొదట పచ్చ కాగితాల్లా కనిపించే యాప్ పెట్టించాను. ఆమెకు బాగా నచ్చింది. మరుసటి రోజు తీసేయమంది. వాళ్లాయన కొన్న ఫోను, వాళ్లాయన మెయిలే అందులోనూ ఉంది. ఈమె ఇక్కడ రాసిందల్లా ట్యాంకర్ తోలుతున్న ఆయన ఫోనులో కూడా వచ్చి కూర్చుంది. “ఈ లచ్చమ్మ ఎవరు, ఆమె మోకాళ్లతోటి నాకేం పని అని అడుగుతున్నడు మేడం,” అని నవ్వింది. రెండోది తెరిచినప్పుడల్లా పాస్‌వర్డ్ అడిగేది. తడి చేతులతో ఆ పాస్‌వర్డ్ కొట్టేసరికి రాయాలనుకున్నది మరిచిపోతున్నానంది. ఇక లాభం లేదని నేను వాడే యాప్ తెరిచి గర్వంగా చూపించాను. పెట్టెలు, పెట్టెల్లో పెట్టెలు, ప్రతిదానికీ రంగు.

ఆమె శ్రద్ధగా చూసి, “మంచిగున్నది మేడం. నిన్న ఏం రాసిన్రు ఇండ్ల?” అంది.

వెతికాను. ఆఖరున రాసింది మూడు నెలల కిందట. అది కూడా నోట్సు క్రమంగా ఎలా రాసుకోవాలి అనే ప్రణాళిక. ఆమె మర్యాదస్తురాలు, చూపు టీ కప్పు వైపు తిప్పుకుంది. నేనే సిగ్గుపడి ఆ యాప్ మూసేశాను.

అప్పుడు తట్టింది, ఆమెకు బాగా అలవాటైన వాట్సాప్‌లోనే తనొక్కతే ఉండే గ్రూపు పెట్టుకోవచ్చని. కొత్తగా నేర్చుకునేది ఏమీ లేదు. మెసేజ్ పెట్టినట్టే పెట్టుకోవచ్చు, తేదీ టైమూ దానంతట అవే పడతాయి. గ్రూపు పెట్టేటప్పుడు ఇంకొకరిని చేర్చుకుని, తర్వాత వాళ్లను తీసేయాలి, అంతే. ఆమె ఫోను తీసుకుని నన్నే చేర్చాను. పేరేం పెడదామంటే “సామాన్లు” అని పెట్టమంది. ఎవరన్నా తొంగిచూస్తే ఉప్పూ పప్పూ అనుకుంటారట. ఇంతలో నాకు మీటింగు కాల్ వచ్చింది. ఫోను ఆమె చేతిలో పెట్టి, “చివర్లో నా పేరు మీద నొక్కి పట్టుకుని తీసేయండి, అయిపోతుంది,” అని చెప్పి లేచి వెళ్లిపోయాను.

“మంచిది మేడం,” అంది.

ఆమె తీసేయలేదు. తీసేసిందో లేదో నేను చూసుకోలేదు. మెట్లు రాసి బతికే మనిషిని, ఆఖరి మెట్టు వదిలేసి మీటింగుకు పరిగెత్తాను. కూకట్‌పల్లిలో మా అపార్ట్‌మెంటు గ్రూపు, బడి గ్రూపు, చుట్టాల గ్రూపులు మూడు, ఆఫీసువి లెక్కలేనన్ని. అన్నీ శబ్దం రాకుండా నొక్కేసి పెట్టినవే. వాటి మధ్యలో ‘సామాన్లు’ కూడా ఎక్కడో పడిపోయింది.

ఇరవై రోజుల తర్వాత, మా అపార్ట్‌మెంటులో నీళ్లు ఎప్పుడొస్తాయో వెతుక్కుంటుంటే ఆ పేరు కనిపించింది. చదవనివి నూట ముప్ఫై. కిరాణా కొట్టువాడు పెట్టిన గ్రూపేమో అనుకుని తెరిచాను. నవనీత ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు రాస్తుంది, దాన్ని నేను ఇక్కడ తెలుగు లిపిలో పెడుతున్నాను. ఇలా ఉన్నాయి:

“అనూష. ఇంట్ల కొట్లాట. కండ్లు ఉబ్బినయి. రిసెప్షన్ కాడ వద్దు.”

“లచ్చమ్మ. మోకాళ్లు. మెట్లు కడిగేది ఇయ్యొద్దు. అడిగితే మంచిగనే ఉన్న అంటది, నమ్మొద్దు.”

“హరిత. మూడో నెల. ఎవ్వరికి చెప్పొద్దన్నది. నిచ్చెన ఎక్కనియ్యొద్దు. వాసన పడ్తలేదు, యాసిడ్ పని తియ్యాలె.”

ఇది నేను చదవకూడదు. కాంట్రాక్టరు దగ్గర కడుపుతో ఉన్న మనిషిని తీసేస్తున్నాం అని ఎవరూ చెప్పరు, గేటు దగ్గర పెట్టే కార్డు పనిచేయడం ఆగిపోతుంది అంతే. ఆ భయంతోనే హరిత ఈమెకొక్కదానికే చెప్పుకుంది. ఈమె ఆ మాటను ఫోనులో దాచుకుంది. అది తిన్నగా వచ్చి నా చేతిలో పడింది.

ఆ క్షణంలో గ్రూపులోంచి బయటికి వచ్చేయాల్సింది. రెండు నొక్కుల పని. కానీ నేను బయటికొస్తే, నేను వెళ్లిపోయినట్టు ఆమె ఫోనులో పడుతుంది. ఇన్నాళ్లూ అందులో ఉన్నానని తెలిసిపోతుంది. పాపం కంగారు పడుతుందేమో అనుకున్నాను. పాపం అనే మాట ఎంత పని చేస్తుందో చూడండి. ఆమె కోసమే అన్నట్టుగా అక్కడే ఉండిపోయాను, మరుసటి రోజు మళ్లీ తెరిచాను.

అలా నాలుగు నెలలు చదివాను. తప్పని తెలిసే చదివాను. నాకు అది రోజూ ఒక మంచి కథ చదివినట్టు ఉండేది. ఆమె రాసే పద్ధతి కూడా అప్పుడే తెలిసింది. పదిన్నరకి టీ కప్పు చేతికొచ్చాక, ఒక్క గుటక కూడా వేయకముందే రాస్తుంది. సాయంత్రం నాలుగింటికి బస్సు ఎక్కకముందు రాస్తుంది. మనిషికి ఒక్క వరుస. రాసింది ఎప్పుడూ చెరపదు, మాట మారితే కింద కొత్త వరుస రాస్తుంది. శుక్రవారం నాడు పైనుంచి కిందిదాకా చదువుకుని, “సదివిన” అని ఒక్క మాట పెడుతుంది. నాలుగు నెలల్లో ఒక్క రోజు తప్పలేదు. నేను తొమ్మిది యాప్‌లలో వెతికింది ఆమెకు ఒక టీ కప్పుతో దొరికింది. రాయకపోతే టీ లేదు, అంతే. పదకొండేళ్లలో నా మేనేజర్లలో ఒక్కడు కూడా నా గురించి అందులో పదోవంతు ఆలోచించి ఉండడని నాకు కోపం కూడా వచ్చింది.

ఇక నేను చేసింది.

డిసెంబరులో ఒక వరుస వచ్చింది: “సీతాబాయి. చేతులు వణుకుతున్నయి. కప్పులు ఇయ్యొద్దు, దుమ్ము బట్ట పని ఇయ్యాలె. నేను, హరిత ఇద్దరమే చూసినం.” సీతాబాయికి యాభై ఆరేళ్లు. మా అంతస్తులో అందరికీ తెలిసిన మనిషి, నాకు చక్కెర లేని టీ అని గుర్తుంచుకునేది. నాకు జాలి ముంచుకొచ్చింది. చదువుతూ ఊరుకుంటే ఏం లాభం, ఏదన్నా మేలు చేయాలి కదా అనిపించింది. ఆ శుక్రవారం లిఫ్టులో మధుకర్ కనబడితే, “మధుకర్ గారూ, మా సీతాబాయికి చేతులు వణుకుతున్నాయండి. జర తేలిక పని ఏదన్నా చూడండి,” అన్నాను. దగ్గరితనంగా ఉంటుందని ‘జర’ కూడా కలిపాను.

“తప్పకుండ మేడం,” అన్నాడు. నేను చాలా సంతోషంగా ఇంటికి వెళ్లాను.

సోమవారం పొద్దున సీతాబాయి కార్డు పెడితే గేటు దగ్గర ఎర్ర దీపం వెలిగింది. రెండుసార్లు, మూడుసార్లు పెట్టిందట. ఆ తర్వాత కొంగుకు కార్డు తుడిచి మళ్లీ పెట్టిందట.

నేను మధుకర్ దగ్గరికి పరిగెత్తాను. అతను చెడ్డవాడు కాదు, అతని మీద కూడా ఇంకొకరు ఉన్నారు. “మీరే చెప్పిన్రు కదా మేడం. వేడి చాయ్ ఎవరి మీదనన్న పడితే నన్నడుగుతరు. మా ఆఫీసోళ్లకు చెప్పిన, వాళ్లు తీసేసిన్రు. ఆ జాగల ఇంకొకామె గూడ వచ్చేసింది,” అన్నాడు. వెనక్కి తీసుకోమని బతిమాలాను. తన చేతుల్లో లేదన్నాడు.

ఆ రోజు పదిన్నరకి నవనీత రాసింది: “సీతాబాయిని తీసేసిన్రు. చేతుల సంగతి మధుకర్ సార్‌కు ఎట్ల తెలిసింది?”

నాలుగింటికి: “సూసింది ఇద్దరమే. నేను చెప్పలే.”

మరుసటి రోజు: “హరిత చెప్పింది. దాని ఉద్యోగం నిలుపుకోనీకి ముసలామె ఉద్యోగం తీయించింది. ఇగ దాని మీద నమ్మకం లేదు. కింద పార్కింగ్‌కు ఏసిన.”

అది చదివి నేను ఫోను బోర్లించి పెట్టాను. మనిషి సిగ్గుతో చచ్చిపోతుంది అంటారు, ఎవరూ చావరు. నేను ఆ రోజు మీటింగుకు వెళ్లాను, భోజనం కూడా చేశాను. ఆమెకు చెబితే ఏమవుతుందో, ఆఫీసులో ఎవరికి తెలుస్తుందో అని లెక్కలు వేసుకున్నాను. గ్రూపులోంచి నిశ్శబ్దంగా తప్పుకునే దారి ఉందేమోనని వెతికాను కూడా. రెండు రోజులు అలా గడిపాను.

మూడో రోజు మధ్యాహ్నం కారులో మరిచిపోయిన పర్సు కోసం పార్కింగులోకి దిగాను. హరిత వెనక మెట్ల మీద ఒంటరిగా కూర్చుని డబ్బా తెరిచింది. ఇరవై మూడేళ్లుంటాయి, సన్నటి మనిషి. గోడకు అటువైపు లాకర్ల గదిలో మిగతావాళ్లందరూ కలిసి తింటున్న మాటలు వినబడుతున్నాయి. రోజూ వాళ్లతోనే కూర్చునేది, ఒకరి కూర ఒకరు పెట్టుకునేవాళ్లు. “ఇక్కడ కూర్చున్నారేంటండి?” అన్నాను.

“లోపల జాగ లేదు మేడం,” అంది. తింటున్న మనిషి తినడం ఆపి, నా ముందు డబ్బా మూత కూడా పెట్టేసింది.

నేను లిఫ్టు ఎక్కలేదు. మెట్లెక్కే నాలుగో అంతస్తుకు వెళ్లాను, దారిలో మనసు మార్చుకోకూడదని గట్టిగా అనుకుంటూ. మనసు మార్చుకునే మనిషినని నాకు తెలుసు.

మరుసటి రోజు పదిన్నరకి ప్యాంట్రీలో నవనీత టీ పక్కన పెట్టుకుని ఫోనులో రాస్తోంది. నా ఫోను తెరిచి ఆమె ముందు పెట్టాను. ఆమె ఒక వరుస కొడుతోంది, అయ్యాక పంపింది, అది నా ఫోనులో వచ్చి పడింది. రెండు ఫోన్లూ మార్చి మార్చి చూసింది.

“ఇది మీ దాంట్ల ఎట్లున్నది మేడం?”

“నన్ను గ్రూపులోంచి తీసేయలేదు నవనీత గారూ. నేను... నాలుగు నెలలుగా చదువుతున్నాను.”

ఆమెకు వెంటనే కోపం రాలేదు. ముందు తన తప్పే వెతుక్కుంది. అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది. “మీ పేరు పైన కనవడ్తనే ఉండె. స్టీలు గిన్నె పెట్టినోళ్లు పేరు కొట్టిస్తరు గద, గట్ల చేసిచ్చినోళ్ల పేరు అనుకున్న. నొక్కితే తీసేయాల్నా అని ఫోను అడిగింది. పెట్టినోళ్ల పేరు గీకేస్తమా అని ఊకున్న,” అంది. కాసేపాగి, “నీలం గీతలు పడ్తుంటే రాసింది గట్టిగ ఎక్కిందనుకున్న,” అంది.

మా ఇంట్లో కూడా అటక మీద అలాంటి గిన్నెలున్నాయి, మా పెళ్లికి వచ్చినవి. వాటి మీద పేర్లు ఎవరూ గీకరు. ఈ ఒక్క మెట్టు దగ్గర మనుషులు ఇలా ఆగిపోతారని మెట్లు రాసే నాకు తట్టనే లేదు.

అప్పుడు ఆమె తల ఎత్తింది. “అయితే సీతాబాయి సంగతి?”

“నేనే చెప్పాను. తేలిక పని ఇస్తారనుకున్నాను.”

“హరిత చెప్పలే?”

“లేదు.”

టీ మీద మీగడ కట్టింది. ఆమె కప్పు పక్కకు జరిపింది. నా మీద అరిస్తే బాగుండునని నాకు అనిపించింది. అరిస్తే నేను క్షమాపణ చెప్పి, ఏడ్చి, తేలికపడి నా టేబుల్‌కు వెళ్లిపోదును.

“నాకు చెప్తే ఏమొస్తది మేడం,” అంది చివరికి. “ఆ పిల్లతోటి నాలుగు దినాల సంది ఎవ్వలు మాట్లాడ్తలేరు. నేను మాట్లాడొద్దన్ననని కాదు, నేను మాట్లాడ్తలేనని వాళ్లు గూడ మాట్లాడ్తలేరు. మూడున్నరకు కిందికి రాండ్రి. అందరి ముందల చెప్పుండ్రి. సీతాబాయి ఇంటికి గూడ మీరే పోవాలె.”

సీతాబాయి ఇంటికి ఆ ఆదివారం వెళ్లాను. అప్పటికే నవనీత ఆమెకు కొత్తగూడలో ఒక లేడీస్ హాస్టల్ గేటు దగ్గర కూర్చునే పని చూసిపెట్టింది, జీతం ఇక్కడికంటే తక్కువ. సీతాబాయి నాకు చక్కెర లేని టీ ఇచ్చింది, రెండు చేతులతో పట్టుకుని, సాసరులోకి తొణుకుతూ. నేను చెప్పిందంతా విని, “ఆ పొల్ల కడుపుల పడ్డది ఎట్లున్నది?” అని మాత్రం అడిగింది.

దానికి ముందు, ప్యాంట్రీలో మాట్లాడిన రోజే మూడున్నరకి కిందికి వెళ్లాను. లాకర్ల గదిలో ఇరవై మందికి పైగా నేల మీద కూర్చున్నారు. నాకు ఒక కుర్చీ తెచ్చి వేశారు. అందులో కూర్చోలేక నిలబడే చెప్పాను. నేను ఆఫీసులో వంద మంది ముందు మాట్లాడిన దాన్ని. అక్కడ నాలుగు మాటలు చెప్పడానికి రెండుసార్లు ఆగాను. మీ అక్క రాసుకున్నవి చదివాను, సీతాబాయి గురించి మధుకర్‌కు చెప్పింది నేను, హరిత కాదు. అంతే చెప్పాను. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. హరిత తలుపు దగ్గర కూర్చుని గచ్చు మీద వేలితో గీస్తోంది.

అప్పుడు నవనీత లేచింది. “ఆమె తప్పు ఆమె చెప్పింది. నా తప్పు గూడ ఉన్నది,” అంది. “మీరు నమ్మి చెప్పినయి అన్ని నేను ఫోన్ల రాసుకున్న. మిమ్మల్ని అడగలే. ఒక్కొక్కలు వచ్చి మీ గురించి ఏం రాసిన్నో వినుండ్రి. వద్దంటే ఇప్పుడే తీసేస్త.”

మూలన ఒక బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఒక్కొక్కరినీ పిలిచింది. చెవి దగ్గర మెల్లగా చదివి వినిపించింది. అనూష విని కళ్లు తుడుచుకుంది. లచ్చమ్మ మోకాళ్ల మాట విని, “నేను మంచిగనే ఉన్న అంటనా!” అని నవ్వింది. ఇద్దరు తీసేయమన్నారు, వాళ్ల ముందే తీసేసింది. మిగతావాళ్లు ఉండనివ్వమన్నారు. నేను వెళ్లిపోనా అని అడిగితే, “ఉండుండ్రి మేడం,” అంది నవనీత. ఎందుకు ఉండమందో అప్పుడు నాకు అర్థం కాలేదు.

అందరికంటే చివర హరితను పిలిచింది. హరిత లేవలేదు.

“ఆడనే ఉండి గట్టిగ సదువు అక్కా. నాది అందరికి కనవడ్తనే ఉన్నది,” అంది, పొట్ట మీద చున్నీ సర్దుకుంటూ. ఎవరో ముసిముసిగా నవ్వారు. ఆ గదిలో నాలుగు రోజుల తర్వాత ఆమె వైపు తిరిగిన మొదటి నవ్వు అది.

నవనీత గట్టిగా చదివింది. మూడో నెల, నిచ్చెన వద్దు, యాసిడ్ వద్దు. నాలుగో నెల, కొబ్బరి నీళ్లు తాగమని చెప్పాలె. ఒక్కొక్క వరుసా చదువుకుంటూ వచ్చి ఒకచోట ఆగింది. ఏ వరుస దగ్గర ఆగిందో ఆ గదిలో ఆమె కాక నాకొక్కదానికే తెలుసు. దాటేసి పక్క వరుస చదివి ఉంటే ఎవరూ కనిపెట్టేవాళ్లు కాదు, నేనూ నోరెత్తేదాన్ని కాదు. ఆమె నా వైపు చూసింది. ఆ వరుస దాటేయకుండా తనకు ఒక సాక్షి కావాలనే నన్ను ఉండమందని అప్పుడు అర్థమైంది.

“హరిత చెప్పింది,” అని చదివింది. “దాని ఉద్యోగం నిలుపుకోనీకి ముసలామె ఉద్యోగం తీయించింది. ఇగ దాని మీద నమ్మకం లేదు. కింద పార్కింగ్‌కు ఏసిన.” ఒక్క మాట కూడా మింగలేదు. చదివాక హరిత దగ్గరికి వెళ్లి ఎదురుగా నేల మీద కూర్చుంది. “ఇది నా రాత. తీసేయమంటవా బిడ్డా?”

హరిత బాగా ఏడ్చి, తర్వాతే మాట్లాడింది.

“ఉండనియ్యి అక్కా. తీసేస్తె నువ్వు అనలేదన్నట్టే అయితది. దాని కింద ఇయ్యాల్టిది రాయి.”

నవనీత అక్కడే, అందరి మధ్యలో కూర్చుని, ఫోను రెండు చేతులతో పట్టుకుని రాసింది. మామూలుగా మనిషికి ఒక్క వరుసే రాస్తుంది. ఆ రోజు చాలాసేపు రాసింది. అంతకుముందే నేను గ్రూపులోంచి బయటికి వచ్చేశాను, అందుకని ఏం రాసిందో నాకు తెలియదు. హరిత మాత్రం ఆమె భుజం మీదుగా వంగి, చివరిదాకా చదివింది.